రెండో అంచె టైటిల్ ఎప్పుడు చరిత్ర అవుతుంది? హైదరాబాద్ నుంచి చూస్తే తేలే లెక్క

2024 ఏప్రిల్ 6న షిల్లాంగ్‌లో జరిగిన మ్యాచ్ మొదటి నిమిషంలోనే మహమ్మడన్ స్పోర్టింగ్ ఆటగాడు అలెక్సిస్ గోమెజ్ గోల్ కొట్టాడు. కాసేపటికే షిల్లాంగ్ లజోంగ్ పెనాల్టీతో స్కోరు సమం చేసింది. రెండో సగంలో ఎవ్‌గెనీ కొజ్లోవ్ గోల్‌తో 2-1గా గెలిచిన మహమ్మడన్, ఇంకో మ్యాచ్ మిగిలి ఉండగానే ఐ-లీగ్ టైటిల్‌ను ఖాయం చేసుకుంది. 1891లో పుట్టిన ఆ కోల్‌కతా క్లబ్బు ఐ-లీగ్‌ను గెలవడం అదే తొలిసారి. హైదరాబాద్‌కు చెందిన శ్రీనిధి డెక్కన్ ఎఫ్‌సీ మాత్రం వరుసగా రెండో ఏడాది కూడా రెండో స్థానంతో సరిపెట్టుకుంది.

దేశవాళీ ఫుట్‌బాల్‌లో అప్పటికి ఐ-లీగ్ రెండో అంచె. మొదటి అంచె ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్‌ఎల్. రెండో అంచెలో నెగ్గిన క్లబ్బును దేశమంతా చరిత్ర సృష్టించిందని ఎందుకు మెచ్చుకుంది, నాలుగు పాయింట్ల తేడాతో రెండో స్థానంలో నిలిచిన క్లబ్బుకు ఏమీ దక్కకపోవడం న్యాయమేనా అన్న ప్రశ్నలు హైదరాబాద్ అభిమానులను అప్పటి నుంచి వెంటాడుతూనే ఉన్నాయి. వీటికి జవాబు ఆటగాళ్ల కాళ్లలో సగమే ఉంది. మిగతా సగం లీగ్‌లను ఒకదానిపై ఒకటి ఎలా పేర్చారన్న విషయంలో ఉంది. ఆ రెండో సగాన్ని మన పత్రికలు, టీవీలు పెద్దగా పట్టించుకోలేదు కనుక దాన్ని కాస్త విడమరచి చెప్పుకోవాలి.

ఫుట్‌బాల్ లీగ్‌లు చాలా దేశాల్లో అంచెలుగా ఉంటాయి. సీజన్ చివర పై అంచెలో అట్టడుగున మిగిలిన జట్లు కిందికి దిగుతాయి, కింది అంచెలో ముందు నిలిచిన జట్లు పైకి వెళ్తాయి. మొదటిదాన్ని రెలిగేషన్ అని, రెండోదాన్ని ప్రమోషన్ అని అంటారు. క్రికెట్‌తో పెరిగిన మనకు ఇది కొంచెం కొత్త సంగతే, ఎందుకంటే ఐపీఎల్‌లో పదో స్థానంలో నిలిచిన జట్టు కూడా మరుసటి ఏడాది అదే హోదాతో, అదే ధీమాతో బరిలోకి దిగుతుంది. ఇంగ్లండ్‌లో మాత్రం ఈ ఎక్కడం, దిగడం 1898-99 సీజన్ నుంచి ఆటోమేటిక్‌గా జరిగిపోతోంది. అందుకే అక్కడ ఐదో అంచె టైటిల్ కోసం కూడా ఊరూరా జనం ప్రాణం పెట్టి ఆడతారు, ప్రాణం పెట్టి చూస్తారు.

ఆ ఐదో అంచెకు నేషనల్ లీగ్ అని పేరు. 2022-23లో అక్కడ జరిగిన పోటీని ఒకసారి దగ్గరగా చూస్తే కింది లీగ్ టైటిల్‌కు విలువ ఎలా పుడుతుందో తెలుస్తుంది. వేల్స్‌కు చెందిన రెక్స్‌హామ్ 2008లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ నుంచి కిందికి జారిపోయి, పదిహేనేళ్లుగా ఐదో అంచెలోనే చిక్కుకుపోయిన క్లబ్బు. 2021లో ఇద్దరు హాలీవుడ్ నటులు దాన్ని కొన్నారు. 1862లో పుట్టిన నాట్స్ కౌంటీ ప్రపంచంలోని అతి పాత ప్రొఫెషనల్ క్లబ్బుల్లో ఒకటి. అది కూడా అదే అంచెలో ఇరుక్కుని ఉంది. ఈ రెండూ ఆ సీజన్‌లో 46 మ్యాచ్‌లు ఆడి తలా మూడింట్లో మాత్రమే ఓడాయి. రెక్స్‌హామ్ 34 గెలిచి 9 డ్రా చేసుకుంది, నాట్స్ కౌంటీ 32 గెలిచి 11 డ్రా చేసుకుంది. గెలుపుకు మూడు పాయింట్లు, డ్రాకు ఒకటి కనుక రెక్స్‌హామ్‌కు 111, నాట్స్ కౌంటీకి 107 వచ్చాయి. ఓటములు సమానమైనప్పుడు టైటిల్‌ను తేల్చినవి ఆ రెండు అదనపు డ్రాలే. మూడో స్థానంలోని చెస్టర్‌ఫీల్డ్ 84 పాయింట్ల దగ్గర ఆగిపోయిందంటే, ఈ రెండింటి జోరు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఏప్రిల్ 10న ఈ రెండు జట్లూ రెక్స్‌హామ్ మైదానంలో తలపడ్డాయి. ఆతిథ్య జట్టు 3-2తో ముందున్న దశలో, 90 నిమిషాల తర్వాత కలిపిన ఇంజురీ టైమ్ కూడా ముగియబోతుండగా నాట్స్ కౌంటీకి పెనాల్టీ దొరికింది. రెక్స్‌హామ్ గోల్‌కీపర్ బెన్ ఫోస్టర్ దాన్ని ఆపేశాడు. టైటిల్ ఆ ఒక్క క్షణంలోనే తేలిపోయిందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది కానీ, పాయింట్ల పట్టికలో అంత పక్కపక్కనే నడుస్తున్న జట్లకు ఒక్కో గోల్‌కు ఎంత వెల ఉంటుందో అక్కడ కనిపించింది. పన్నెండు రోజుల తర్వాత బోర్‌హమ్ వుడ్‌ను 3-1తో ఓడించి రెక్స్‌హామ్ టైటిల్ అందుకుంది.

హైదరాబాద్ పాఠకులు ఇక్కడే ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. 107 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచిన నాట్స్ కౌంటీ ఇంటిముఖం పట్టలేదు. నేషనల్ లీగ్ నుంచి రెండు జట్లు పైకి వెళ్లవచ్చు. విజేత నేరుగా వెళ్తుంది, మిగిలిన ఒక్క స్థానం కోసం తర్వాతి ఆరు జట్లు ప్లేఆఫ్ ఆడతాయి. సెమీఫైనల్లో 0-2తో వెనకబడ్డ నాట్స్ కౌంటీ అదనపు సమయంలో 3-2తో గట్టెక్కి, ఫైనల్లో చెస్టర్‌ఫీల్డ్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి పైకి వెళ్లింది. విజేతకు గౌరవమూ తగ్గలేదు, రెండో జట్టు కష్టమూ వృథా కాలేదు.

మన దేశంలో అలాంటి నిచ్చెన చాలాకాలం లేదు, ఉన్న కాస్త మెట్లు కూడా మధ్యలో విరిగిపోయాయి. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. 2007లో దాని స్థానంలో ఐ-లీగ్ వచ్చింది. అప్పట్లో అదే దేశంలో మొదటి అంచె. 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య వాణిజ్య హక్కులను పదిహేనేళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం మీద ఐఎంజీ-రిలయన్స్‌కు ఇచ్చింది. ఆ ఒప్పందం నుంచే 2014లో ఐఎస్‌ఎల్ పుట్టింది. ఇది ఫ్రాంచైజీ లీగ్. ఇందులో చోటును ఆడి సంపాదించుకోనక్కర్లేదు, ఫీజు కట్టి పొందవచ్చు. కొన్నాళ్లు ఐ-లీగ్, ఐఎస్‌ఎల్ పక్కపక్కనే నడిచాయి. 2019 అక్టోబరులో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య ఒక మార్గసూచికి ఆమోదం తెలపడంతో ఐఎస్‌ఎల్ అధికారికంగా మొదటి అంచె, ఐ-లీగ్ రెండో అంచె అయ్యాయి.

ఈ మధ్యకాలంలో ఐ-లీగ్ గెలిచిన చిన్న క్లబ్బుల కథలు చదివితే మనసు కలుక్కుమంటుంది. మిజోరంకు చెందిన ఐజ్వాల్ ఎఫ్‌సీ 2015-16లో రెలిగేషన్ పాలై, గోవా క్లబ్బులు వైదొలగడంతో తిరిగి చోటు దక్కించుకుని, మరుసటి ఏడాదే 37 పాయింట్లతో మోహన్ బగాన్‌ను ఒక్క పాయింటు తేడాతో వెనక్కి నెట్టి టైటిల్ గెలిచింది. ఈశాన్యం నుంచి జాతీయ లీగ్ నెగ్గిన మొదటి క్లబ్బు అదే. ఆనాటి కోచ్ ఖాలిద్ జమీల్ 2025లో భారత జట్టు కోచ్ అయ్యారు. 2017-18లో మినర్వా పంజాబ్ గెలిచింది. 2020-21, 2021-22లో గోకులం కేరళ వరుసగా రెండుసార్లు గెలిచింది. ఈ క్లబ్బుల్లో ఏ ఒక్కదానికీ ఆ విజయం ఐఎస్‌ఎల్ తలుపు తెరవలేదు. కప్పు చేతికొచ్చింది, దారి మాత్రం కప్పుతో పాటు రాలేదు.

మినర్వా సంగతి మరీ విచిత్రమైనది. ఆ క్లబ్బే తర్వాత యాజమాన్యం మారి రౌండ్‌గ్లాస్ పంజాబ్ ఎఫ్‌సీ అయింది. 2022-23లో అదే క్లబ్బు అదే లీగ్‌ను రెండోసారి గెలిచినప్పుడు నేరుగా ఐఎస్‌ఎల్‌కు వెళ్లింది. 2019 మార్గసూచి ప్రకారం 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు, లైసెన్సింగ్ నిబంధనలు తీర్చగలిగితే, ప్రవేశ ఫీజు లేకుండా మొదటి అంచెలో చోటు ఇవ్వాలి. భారత ఫుట్‌బాల్‌లో ఆట బలంతో రెండో అంచె నుంచి ఐఎస్‌ఎల్‌కు ఎక్కిన మొదటి జట్టు పంజాబ్. 2018లో గెలిచినప్పుడు అది ఒక జట్టు సాధించిన ఘనత. 2023లో గెలిచినప్పుడు అది దేశ ఫుట్‌బాల్ నడకను మార్చిన సంఘటన. రెండుసార్లూ ట్రోఫీ ఒక్కటే, క్లబ్బు మూలమూ ఒక్కటే. చరిత్ర అనే బరువును రెండోసారి మాత్రమే మోపింది ఆ ట్రోఫీ వెనక ఉన్న నియమం.

ఆ 2022-23 సీజన్ పట్టికను హైదరాబాద్ వైపు నుంచి చదవాలి. పన్నెండు జట్లు, తలా 22 మ్యాచ్‌లు. గ్రీకు కోచ్ స్టైకోస్ వెర్గెటిస్ శిక్షణలో పంజాబ్ 16 గెలిచి, 4 డ్రా చేసుకుని, రెండే ఓడి 52 పాయింట్లు తెచ్చుకుంది. స్లొవేనియాకు చెందిన స్ట్రైకర్ లూకా మాయ్‌త్సెన్ ఆ జట్టు దాడికి ఇరుసుగా నిలిచాడు. మార్చి 4న రాజస్థాన్ యునైటెడ్‌ను 4-0తో ఓడించి ఒక మ్యాచ్ ముందే టైటిల్ ముగించింది. పోర్చుగల్‌కు చెందిన కార్లోస్ వాజ్ పింటో కోచ్‌గా ఉన్న శ్రీనిధి డెక్కన్ 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది.

ఒక సీజన్‌లో ఛాంపియన్‌ను తయారు చేసేది పెద్ద జట్ల మీద గెలుపులేనని చాలామంది అనుకుంటారు. ఇలాంటి లీగ్‌లో అంతకంటే ముఖ్యమైనది పట్టిక అడుగున ఉన్న జట్ల మీద పాయింట్లు జారవిడుచుకోకపోవడం. ఐ-లీగ్‌లో ఒక వారం శ్రీనగర్ చలిలో కృత్రిమ పచ్చిక మీద, మరో వారం ఐజ్వాల్ కొండల మీద, ఇంకో వారం గోవా ఉక్కపోతలో ఆడాలి. జట్టులో ఆటగాళ్ల సంఖ్య పరిమితం, ప్రయాణాలు సుదీర్ఘం, గాయపడితే ప్రత్యామ్నాయం తక్కువ. ఇలాంటి చోట మెరుపు ఆట కంటే నిలకడే గొప్ప. రెండే ఓటములతో సీజన్ ముగించిన పంజాబ్‌కు ఆ నిలకడ ఉంది, కాబట్టి ఆ టైటిల్‌ను అది పూర్తి హక్కుతో గెలుచుకుంది.

శ్రీనిధి మరుసటి ఏడాది మెరుగుపడింది. పదమూడు జట్లు, తలా 24 మ్యాచ్‌ల 2023-24 సీజన్‌లో 48 పాయింట్లు సాధించింది. అంటే మ్యాచ్‌కు సరిగ్గా రెండు పాయింట్ల సగటు. లీగ్ ఫుట్‌బాల్‌లో ఆ సగటు అందుకున్న జట్టు సాధారణంగా టైటిల్ పోటీలో చివరిదాకా నిలుస్తుంది, తరచూ నెగ్గుతుంది కూడా. కానీ ఆ ఏడాది రష్యా కోచ్ ఆంద్రే చెర్నిషోవ్ చేతిలో మహమ్మడన్ 52 పాయింట్లకు చేరింది. టైటిల్ ఖాయం కాకముందు అది ఓడింది ఒక్కసారే. లీగ్ చివరి మ్యాచ్‌లో సాల్ట్ లేక్ స్టేడియంలో ఢిల్లీ ఎఫ్‌సీ చేతిలో 1-3తో ఓడిపోయాక కూడా ట్రోఫీని ఎత్తుకోగలిగిందంటే, అప్పటికే లెక్క అంతగా ముగిసిపోయిందన్నమాట.

మహమ్మడన్ గెలుపును చూసి హైదరాబాద్ అసూయపడనక్కర్లేదు, ఆ క్లబ్బుకూ మన ఊరికీ పాత బంధముంది. 1934లో కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌ను గెలిచిన మొదటి భారతీయ క్లబ్బు మహమ్మడన్. ఆ ఏడాది నుంచి 1938 దాకా వరుసగా ఐదుసార్లు గెలిచింది. మన హైదరాబాద్ ఆటగాళ్లు మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వంటి వారు కోల్‌కతాకు వెళ్లి ఆ జెర్సీ వేసుకున్నవారే. అంత ఘనచరిత్ర ఉన్న క్లబ్బు 2022 మే 14న సాల్ట్ లేక్‌లో సొంత ప్రేక్షకుల ఎదుట, టైటిల్ నిర్ణయించే మ్యాచ్‌లో గోకులం చేతిలో 1-2తో ఓడి నోటిదాకా వచ్చిన ముద్దను జారవిడుచుకుంది. ఆ మ్యాచ్‌కు నాలుగు రోజుల ముందే, మన శ్రీనిధి 3-1తో గోకులంను ఓడించి, 21 మ్యాచ్‌ల పాటు సాగిన దాని అజేయ రికార్డును ఆపింది. లాల్‌రోమావియా హ్యాట్రిక్ కొట్టిన ఆ మ్యాచే మహమ్మడన్‌కు చివరి రోజు దాకా ఆశ మిగిల్చింది. కాబట్టి 2024లో మహమ్మడన్ అభిమానులు రోడ్ల మీదికొచ్చి చేసుకున్న సంబరం వెనక రెండేళ్ల నాటి గాయం కూడా ఉంది. దాన్ని తక్కువ చేసి చూడడం తగదు.

అయితే ఇప్పుడు ఇంకో పట్టికను పక్కన పెట్టుకోవాలి. 2024-25 ఐ-లీగ్‌లో మళ్లీ పన్నెండు జట్లే, తలా 22 మ్యాచ్‌లే. ఆ సీజన్ విజేత ఇంటర్ కాశీ తుది లెక్కలో సాధించిన పాయింట్లు 42. రెండో స్థానంలోని చర్చిల్ బ్రదర్స్‌కు 40. సరిగ్గా ఆ 22 మ్యాచ్‌లలో, సరిగ్గా ఆ 42 పాయింట్లే సాధించిన శ్రీనిధి, రెండేళ్ల ముందు విజేతకు పది పాయింట్లు వెనకబడి రెండో స్థానంలో ఆగిపోయింది. 2023-24లో శ్రీనిధి సగటు ఇంటర్ కాశీ సగటు కంటే ఎక్కువే. ఒక ఏడాది ఛాంపియన్‌ను చేసే ఆట ఇంకో ఏడాది ఊరికే పోతుంది. ఇది ఏ లీగ్‌లోనైనా జరిగేదే, ఎందుకంటే పోటీ ఎదుటివాళ్లతో కూడా కదా. కానీ పైకి వెళ్లే స్థానం ఒక్కటే ఉన్నప్పుడు, ఆ ఏడాది ఎదురుపడ్డ ప్రత్యర్థి ఎంత బలవంతుడన్న అదృష్టం మీద క్లబ్బు భవిష్యత్తంతా ఆధారపడుతుంది. నాట్స్ కౌంటీకి రెండో తలుపు పెట్టింది ఈ అదృష్టపు బరువును తగ్గించడానికే.

2024-25 టైటిల్ గురించి చెప్పుకోవలసిన మరో సంగతి అది మైదానంలో తేలలేదన్నది. 2025 జనవరిలో నామ్‌ధారి ఎఫ్‌సీ 2-0తో ఇంటర్ కాశీని ఓడించింది. అయితే నాలుగు పసుపు కార్డుల కారణంగా సస్పెన్షన్‌లో ఉండవలసిన ఆటగాణ్ని నామ్‌ధారి బరిలోకి దింపిందన్నది ఇంటర్ కాశీ ఫిర్యాదు. క్రమశిక్షణ కమిటీ ఫిర్యాదును సమర్థించి మ్యాచ్‌ను ఇంటర్ కాశీకి ఇచ్చింది. అప్పీల్ కమిటీ ఆ తీర్పును తిప్పేసింది. దాంతో ఏప్రిల్‌లో చర్చిల్ బ్రదర్స్‌ను విజేతగా ప్రకటించి ట్రోఫీ కూడా ఇచ్చేశారు. ఇంటర్ కాశీ స్విట్జర్లాండ్‌లోని అంతర్జాతీయ క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టుకు వెళ్లింది. ఈ వివాదంతో పాటు స్పానిష్ ఆటగాడు మారియో బార్కోను మధ్యలో మళ్లీ నమోదు చేసుకోవడంపై చెలరేగిన ఇంకో వివాదమూ అక్కడికే చేరింది. చివరికి జులై 18న ఆ కోర్టు తీర్పుతో ఇంటర్ కాశీ ఛాంపియన్ అయింది. ఒక సస్పెన్షన్, ఒక నమోదు పత్రం, మూడు పాయింట్లు అంత దూరం వెళ్లడానికి కారణం స్పష్టం. ఆ మూడు పాయింట్ల వెనక ఐఎస్‌ఎల్ చోటు ఉంది. పైకి వెళ్లే దారి లేని కాలంలో ఇలాంటి వివాదం ఒక పత్రికా ప్రకటనతో ముగిసిపోయి ఉండేది.

ఇక నిచ్చెన రెండో కొస సంగతి. 2019 మార్గసూచి 2024-25 నాటికి ప్రమోషన్, రెలిగేషన్ రెండూ పూర్తిగా అమలు కావాలని చెప్పింది. ప్రమోషన్ మొదలైంది కానీ ఆ సీజన్‌కు ఐఎస్‌ఎల్ నుంచి రెలిగేషన్ మొదలు కాలేదు. 2024-25లో ఐఎస్‌ఎల్‌లో తొలిసారి ఆడిన మహమ్మడన్ అట్టడుగున నిలిచి కూడా అక్కడే ఉండిపోయింది. అంతకు ముందు ఏడాది అట్టడుగున నిలిచింది మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను షూటౌట్‌లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన జట్టు, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన జట్టు, రెండేళ్లు తిరిగేసరికి ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయింది. జీతాల బకాయిలు పేరుకుని, కొత్త ఆటగాళ్ల నమోదుపై నిషేధం పడి, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయి, కుర్రాళ్లతోనే నెట్టుకొస్తూ 2023-24లో 22 మ్యాచ్‌లకు 8 పాయింట్లు సంపాదించింది.

అదే ఏడాది అదే ఊళ్లో రెండో అంచె క్లబ్బు 48 పాయింట్లు సంపాదించింది. 8 పాయింట్ల జట్టు దిగలేదు, 48 పాయింట్ల జట్టు ఎక్కలేదు. ఆ కుర్రాళ్ల మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. ఓటమి మీద ఓటమి ఎదురవుతున్నా గచ్చిబౌలి మైదానంలోకి దిగిన ప్రతిసారీ వాళ్లు చివరిదాకా పరుగెత్తారు. తప్పు నిర్మాణానిది. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫ్రాంచైజీ ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఫ్రాంచైజీ చోటు యజమానితో పాటు ఎక్కడికైనా పోగలదు. ఆడి సంపాదించుకున్న చోటు అయితే దాన్ని అందుకునే అవకాశం ఊళ్లో ఉన్న ఇంకో క్లబ్బుకు ఎప్పుడూ మిగిలి ఉంటుంది.

రెలిగేషన్‌ను ఐఎస్‌ఎల్ క్లబ్బులు ఎందుకు ఇష్టపడవో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అవి ఏటేటా ఫ్రాంచైజీ ఫీజు కట్టాయి, లాభాలు దాదాపు ఎరుగవు. కిందికి దిగితే ప్రసార ఆదాయం, స్పాన్సర్లు ఒక్కసారిగా పోతాయి. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బులు కుప్పకూలకుండా కొన్నేళ్లపాటు పారాచూట్ చెల్లింపులు అనే సొమ్ము ఇస్తారు. మన దగ్గర పంచడానికి అంత ఆదాయమే లేదు. కాబట్టి ఫీజు తీసుకుని, దిగితే ఆదుకోకుండా, కిందికి తోసేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. రెలిగేషన్ రావాలంటే ముందు ఫ్రాంచైజీ ఫీజు తగ్గాలి లేదా పోవాలి. ఇది భావోద్వేగంతో తేలే విషయం కాదు, ఒప్పందాల్లో తేలవలసిన విషయం.

శ్రీనిధి విషయంలోనూ ఒక నిజం ఉంది. ఆ క్లబ్బు రెండో అంచెలోకి కింది నుంచి ఎక్కి రాలేదు. 2020లో సమాఖ్య పిలిచిన బిడ్డింగ్‌లో విశాఖపట్నం పేరు మీద చోటు గెలిచి, తర్వాత హైదరాబాద్‌ను సొంత ఊరుగా, అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనాను సొంత మైదానంగా చేసుకుంది. అదే బిడ్డింగ్‌లో చోటు పొందిన ఢిల్లీ క్లబ్బు సుదేవా 2022-23లో ఐ-లీగ్ నుంచి కిందికి దిగిపోయింది. అంటే రెండో అంచె, మూడో అంచె మధ్య నిచ్చెన ఆ ఏడాది పనిచేసింది. డబ్బుతో లోపలికొచ్చిన క్లబ్బును ఆట కిందికి దించగలిగింది. పై అంచె దగ్గర మాత్రం అదే నిచ్చెన 2024-25 దాకా ఒకవైపే కదిలింది. ఇంటర్ కాశీ కూడా 2023లో బిడ్డింగ్ ద్వారా వచ్చిన క్లబ్బే. వారణాసిలో తగిన స్టేడియం లేక పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణిలో సొంత మ్యాచ్‌లు ఆడి, రెండేళ్లకే ఛాంపియన్ అయింది. తలుపు డబ్బుతో తెరుచుకున్నా ఆ తర్వాతి ప్రతి మెట్టూ ఆటతో ఎక్కాలన్నదే రెండో అంచె ధర్మం. శ్రీనిధి ఆ ధర్మానికి రెండేళ్లపాటు న్యాయం చేసింది.

హైదరాబాద్‌కు నిచ్చెన అవసరం ఎంతటిదో పాత చరిత్ర చెబుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది. ఆ రహీం సాహెబ్ శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండో స్వర్ణం జట్టు ఆటగాడు. కానీ ఆనాటి దేశస్థాయి పోటీలు దాదాపు అన్నీ నాకౌట్ కప్పులే. ఏడాదికోసారి బొంబాయి, ఢిల్లీ వెళ్లి గెలిచి వచ్చేవారు. ఎనిమిది నెలల పాటు సొంత ఊళ్లో, వారం వారం, ఒక మెట్టు పైకో కిందికో తేల్చే లీగ్ ఉండేది కాదు. అందుకే బలరాం, నయీం, హబీబ్ కోల్‌కతా దారి పట్టారు. ఊరికి ప్రతిభ కొదవ కాలేదు, ప్రతిభను ఊళ్లోనే నిలిపే సీజన్ కొదవైంది. 1996లో జాతీయ లీగ్ వచ్చేనాటికి నగరపు క్లబ్బులు అందులో నిలబడే స్థితిలో లేవు. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చేదాకా మొదటి అంచె ఆట మన ఊళ్లో కనిపించనేలేదు.

అలాంటప్పుడు ఏం చేయవచ్చు? నాకు అన్నిటికంటే ఆచరణ సాధ్యంగా తోచేది జర్మనీ పద్ధతి. అక్కడ బుందెస్‌లీగాలో చివరి రెండు జట్లు నేరుగా దిగుతాయి, వాటికి పైనున్న పదహారో జట్టు మాత్రం రెండో అంచెలో మూడో స్థానంలో నిలిచిన జట్టుతో సొంత మైదానంలో ఒకటి, ఎదుటివాళ్ల మైదానంలో ఒకటి చొప్పున రెండు మ్యాచ్‌లు ఆడి తన చోటు కాపాడుకోవాలి. మన దగ్గర నేరుగా దించడానికి ఎవరూ సిద్ధంగా లేకపోతే, కనీసం ఐఎస్‌ఎల్‌లో చివరి జట్టు, ఐ-లీగ్‌లో రెండో జట్టు ఇలా రెండు మ్యాచ్‌లు ఆడవచ్చు. ఐఎస్‌ఎల్ క్లబ్బుకు తన చోటును మైదానంలో కాపాడుకునే అవకాశం దొరుకుతుంది, రెండో అంచె క్లబ్బుకు రెండో తలుపు దొరుకుతుంది. ప్రసారం చేసేవారికి సీజన్ చివర అమ్ముకోదగ్గ రెండు మ్యాచ్‌లు కూడా దొరుకుతాయి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇంగ్లండ్‌లోనే ఆటోమేటిక్ ప్రమోషన్ రాకముందు, 1893 నుంచి 1898 దాకా, మొదటి డివిజన్‌లో అడుగున ఉన్న జట్లకూ రెండో డివిజన్‌లో ముందున్న జట్లకూ మధ్య టెస్ట్ మ్యాచ్‌లు అనే పోటీ పెట్టేవారు. 1898లో ఆ పోటీని నాలుగు జట్ల చిన్న లీగ్‌గా నడిపినప్పుడు, చివరి మ్యాచ్ డ్రా అయితే తమ రెండు జట్లకూ మొదటి డివిజన్‌లో చోటు దొరుకుతుందని స్టోక్, బర్న్‌లీలకు ముందే తెలుసు. ఆ మ్యాచ్ 0-0గా ముగిసింది. జనం మండిపడ్డారు, ఆ పద్ధతే రద్దయింది. కాబట్టి మనం పెట్టుకునే పోటీ చిన్న లీగ్‌గా ఉండకూడదు, నాకౌట్‌గానే ఉండాలి, డ్రా అయితే షూటౌట్ ఉండాలి. సస్పెన్షన్లు ఆ రెండు మ్యాచ్‌లకు ఎలా వర్తిస్తాయో, సీజన్ మధ్యలో మార్చుకున్న ఆటగాళ్లలో ఎవరు అర్హులో, లైసెన్సు లేని క్లబ్బు రెండో స్థానంలో నిలిస్తే దాని అవకాశం మూడో జట్టుకు వెళ్తుందో లేదో మొదటి మ్యాచ్ విజిల్ మోగకముందే రాతపూర్వకంగా ఉండాలి. 2025 జనవరిలో ఆడిన ఒక మ్యాచ్‌తో రగిలిన టైటిల్ వివాదం జులైలో, అది కూడా వేరే ఖండంలో తేలిందంటే, ఆ రాత ఎంత పక్కాగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.